ఆన్‌లైన్ అమ్మకం: అందరికీ కాదు, మన సరుకు కోరే కొందరికి

(ఒక సహకార ఇన్‌స్పెక్టర్)

ఇటీవల సంఘాల సర్వసభ్య సమావేశాలలో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తున్నది. "పట్నంలో నెయ్యి సీసా అంత ధర పలుకుతున్నదట గదా, మనమే ఆన్‌లైన్‌లో పెట్టి అమ్ముకుంటే ఏమి?" అని సభ్యులు అడుగుతున్నారు. చదువుకున్న యువకులు ఇంకొక అడుగు ముందుకు వేసి, సంఘం మిగులు నిధిలో నుంచి కొంత సొమ్ము ఇస్తే తామే ఆ పని చేసి చూపిస్తామంటున్నారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే "లాభం వస్తుంది" అనిగాని, "రాదు" అనిగాని ఒక్క మాటలో జవాబు చెప్పడానికి వీలు లేదు. ఏ సరుకు, ఎవరికి, ఎంత దూరం పంపి అమ్ముతారనే దానిపై అది ఆధారపడి ఉంటుంది. ఆ విషయమే ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

తనిఖీకి వెళ్ళిన ఒక గ్రామంలో పాల కేంద్రం గది మూలన ముద్రించిన లేబుళ్ళ కట్టలు, ఖాళీ గాజు సీసాల అట్టపెట్టెలు కనిపించినవి. కొందరు సభ్యులు తలా కొంత వేసుకొని తెప్పించినవి. అమ్మినది పట్టుమని నలభై సీసాలైనా లేదు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెత ఇటువంటి చోటే గుర్తుకు వస్తుంది. పాపం, వారి నెయ్యిలో లోపం లేదు. కొనేవారెవరో తెలుసుకోకముందే సీసాలు కొనడమే లోపం.

మామూలు నెయ్యితో పోటీ ఎందుకు కష్టం?

ముందుగా ఒక లెక్క చూద్దాము. ఇందులోని ధరలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి మాత్రమే. మీ సంఘం ధరలు వేసుకొని మీరు తిరిగి లెక్క కట్టుకోవలెను.

6.5 శాతం వెన్న ఉన్న గేదె పాలు 17 లీటర్లు అంటే సుమారు 17.5 కిలోలు. అందులో వెన్న 1.14 కిలోలు. తోడు పెట్టి చిలికే పద్ధతిలో పదవ వంతుకు పైగా మజ్జిగలోను, గసిలోను పోతుంది. చివరకు చేతికి వచ్చే నెయ్యి కిలో. లీటరు పాలు రూ. 50 అనుకుంటే పాల ఖర్చే రూ. 850. వంటచెరకు లేదా గ్యాసు, కూలి రూ. 60. సీసా, అట్టపెట్టె, లేబులు రూ. 60. కొరియర్ రూ. 90. మొత్తం రూ. 1,060.

దీనిని ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో రూ. 1,200కు అమ్మినామనుకోండి. నెయ్యిపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ 5 శాతం కింద రూ. 57 పోతుంది. అంగడివారి కమీషన్ పది శాతం అనుకుంటే రూ. 120. మిగిలేది రూ. 1,023. ఖర్చు రూ. 1,060. అనగా కిలోకు రూ. 37 నష్టం. కమీషన్ లేకుండా మనమే నేరుగా అమ్మితే రూ. 83 మిగులుతుంది. కాని ఇరవై సీసాలలో ఒకటి దారిలో పగిలితే, ఆ నష్టం మిగిలిన వాటిపై పడి ఆ 83లో నుంచి సుమారు రూ. 55 తినివేస్తుంది. ఆవు పాలైతే లెక్క ఇంకా బిగుసుకుంటుంది. 4 శాతం వెన్న ఉన్న ఆవు పాలు కిలో నెయ్యికి సుమారు 28 లీటర్లు కావలెను.

మరి పెద్ద డెయిరీలు ఇంతకంటె తక్కువ ధరకు ఎలా అమ్మగలుగుతున్నాయి? అక్కడ పాలలోని వెన్న నెయ్యి అవుతుంది. వెన్న తీసిన పాలు పొడిగానో, ప్యాకెట్ పాలలో కలిపే ఘనపదార్థంగానో మళ్ళీ సొమ్మవుతాయి. పాల ఖర్చు మొత్తం నెయ్యి ఒక్కదాని మీదే పడదు. మన ఇంటి పద్ధతిలో మిగిలేది మజ్జిగ. దానికి ఊళ్ళోనో, దగ్గరి పట్టణంలోనో అమ్మకం లేకపోతే మొత్తం భారం నెయ్యే మోయవలసి ఉంటుంది. కాబట్టి మజ్జిగకు దారి చూడకుండా నెయ్యి వ్యాపారానికి దిగరాదు.

ఈ లెక్క వల్ల తేలేదేమిటి? అందరూ అమ్మే సరుకును, అందరికీ, పోటీ ధరకు అమ్మడం మన బలం కాదు. మన బలం వేరొక చోట ఉన్నది.

ప్రత్యేక గిరాకీ అంటే ఏమిటి?

ఒక సరుకు కావలసినవారు కొద్దిమందే ఉంటారు. కాని వారికి అది తప్పక కావలెను. దగ్గరలో దొరకదు, దొరికినా వారు కోరినట్లు ఉండదు. అటువంటి కొద్దిమంది కోరికనే ప్రత్యేక గిరాకీ అంటాము. పాతకాలంలో ఇటువంటి గిరాకీ ఉన్నా ఉపయోగం ఉండేది కాదు. కోరేవారు పది ఊళ్ళలో ఒక్కొక్కరుగా ఉంటే, వారి కోసం ఎవరూ అంగడి తెరవరు. ఫోను, ఇంటర్నెట్ వచ్చిన తరువాత ఆ చెదురుమదురుగా ఉన్నవారిని ఒకచోట చేర్చడం సాధ్యమైంది. ఆన్‌లైన్ వ్యాపారం వల్ల చిన్నవారికి కలిగిన అసలు మేలు ఇదే.

సహకార రంగానికి ఈ సూత్రం కొత్త కాదు. 1946లో ఏర్పడిన కైరా జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్ మొదట దేశమంతటా అమ్మబోలేదు. బొంబాయి పాల పథకం అనే ఒక్క పెద్ద కొనుగోలుదారుకు పాలు పంపుతూ నిలదొక్కుకున్నది. కొనేవారెవరో ముందే తెలుసు. మిగిలిన విస్తరణ తరువాత వచ్చింది.

మన ఇంటి సరుకులో నుంచి కొన్ని ఉదాహరణలు

"వెన్న చేత పెట్టుకొని నెయ్యి కోసం తిరిగినట్లు" మనవాళ్ళు కొందరు ఎక్కడో లేని సరుకు కోసం వెదుకుతారు. మన కొట్టంలో ఉన్నదేమిటో ముందు చూడండి.

భోగి పిడకలు: పట్టణాలలో పిల్లలున్న తల్లిదండ్రులకు భోగినాడు పిడకల దండ కావలెను. అపార్టుమెంటులో పిడక ఎక్కడ దొరుకుతుంది? అందుకే కొన్నేళ్ళుగా ఇవి ఆన్‌లైన్‌లో అమ్ముడుపోతున్నాయి. కాని ఒక్కొక్క దండను ఒక్కొక్క ఇంటికి కొరియర్‌లో పంపితే లాభం లేదు. దండ తయారీకి రూ. 25, పెట్టెకు రూ. 15, కొరియర్‌కు రూ. 70 అనుకుంటే రూ. 110 అవుతుంది. అరవై రూపాయల సరుకుకు నూటపది ఖర్చు. అదే ఒక అపార్టుమెంటు సంక్షేమ సంఘం నలభై దండలు ఒకేసారి కోరితే, ఆర్.టి.సి. కార్గోలో ఒకే పెట్టె. తయారీ రూ. 1,000, రవాణా రూ. 250 అనుకుందాము. దండ రూ. 60 చొప్పున వచ్చేది రూ. 2,400. మిగిలేది రూ. 1,150. సరుకు అదే, గిరాకీ అదే. కొనేవారిని ఎంచుకోవడంలోనే నష్టం లాభంగా మారింది. అయితే ఈ వ్యాపారం ఏడాదికి ఒకే వారం. పిడకలు డిసెంబరులోనే ఎండి సిద్ధంగా ఉండవలెను. ఆర్డర్లు ధనుర్మాసం మొదట్లోనే తీసుకోవలెను. భోగి మరునాడు మిగిలిన దండ పొయ్యిలోకే.

వర్మీకంపోస్టు: హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో మిద్దె తోటలు పెంచేవారు చాలామంది ఉన్నారు. వారికి లారీ ఎరువు అక్కరలేదు, చిన్న సంచి చాలు. బరువు ఎక్కువ, ధర తక్కువ అయిన ఈ సరుకు కొరియర్ ఖర్చును మోయలేదు. దగ్గరి నగరంలో ఒకే వీధివారు, ఒకే మిద్దె తోట బృందంవారు కలిసి కొంటేనే గిట్టుబాటు. వర్మీకంపోస్టు 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వస్తుంది గనుక, అమ్మకానికి ముందు మండల వ్యవసాయాధికారిని కలుసుకోవలెను. ఎరువును పాల వాహనంలో పంపడం ఎట్టి పరిస్థితులలోను తగదు.

నెయ్యి: మామూలు నెయ్యి అనేకులు అమ్ముతున్నారు. మునగాకో తమలపాకో వేసి కాచిన పూసనెయ్యి కావాలని అడిగేవారు వేరు. పసిపిల్లకు అన్నప్రాశన అయిన ఇంటివారు నమ్మకమైన చోటు నుంచి పావు కిలో చొప్పున నెలనెలా కోరుతారు. హాస్టలు విద్యార్థికి చిన్న డబ్బా కావలెను. వీరిలో ఎవరికి అమ్ముతారో నిర్ణయించుకుంటే సీసా పరిమాణం, ధర, కబురు అందించే దారి అన్నీ దానంతట అవే తేలుతాయి.

పాలకోవా, పనీరు, జున్ను వంటివి కొద్ది రోజులలో చెడిపోయే సరుకులు. చల్లగా రవాణా చేసే ఏర్పాటు లేనివారు వీటిని దూరం పంపే ఆలోచన పెట్టుకోరాదు.

గిరాకీ ఉన్నదో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఇందుకు రూపాయి ఖర్చు లేని మార్గాలు నాలుగు ఉన్నాయి. సంఘంలో స్మార్ట్‌ఫోను వాడే ఒక యువకుడో యువతో రెండు సాయంత్రాలు కూర్చుంటే చాలు.

1. ఆన్‌లైన్ అంగడి వెదుకుడు గడిలో మన సరుకు పేరు సగం టైపు చేయండి. మిగిలిన మాటలు అదే చూపిస్తుంది. జనం ఎక్కువగా వెదికే మాటలు ఇక్కడ తెలుస్తాయి. తెలుగులోను, ఇంగ్లీషులోను రెండు విధాల చూడండి.

2. అదే సరుకు అమ్మేవారి పేజీలో కొన్నవారు వ్రాసిన అభిప్రాయాలు చదవండి. మెప్పులు కాదు, ఒకటి రెండు చుక్కలు ఇచ్చినవారి ఫిర్యాదులు చదవండి. "సీసా కారిపోయింది", "వాసన లేదు", "పూస కట్టలేదు", "దండలో పిడకలు విరిగి వచ్చినవి" అని ఉంటుంది. ఒకే ఫిర్యాదు పదిమంది వ్రాసినారంటే, దానిని సరిదిద్దగలిగినవారికి అక్కడ చోటున్నట్లే.

3. గూగుల్ ట్రెండ్స్ అనే ఉచిత సదుపాయంలో ఒక మాటను ఏయే నెలల్లో, ఏయే రాష్ట్రాలలో ఎక్కువగా వెదుకుతున్నారో కనిపిస్తుంది. అందులో చూపే 0 నుంచి 100 వరకు ఉన్న అంకెలు మనుషుల లెక్క కావు. అత్యధికంగా వెదికిన సమయాన్ని 100గా తీసుకొని మిగిలినవి దానితో పోల్చి చూపుతారు. 100 కనిపించగానే వందమందో వంద వేలమందో కొంటారని అనుకోరాదు. ఋతువు తెలుసుకోవడానికే దీనిని వాడుకోండి.

4. ఎంతమంది అమ్ముతున్నారో లెక్కపెట్టండి. వందలమంది ఉంటే పోటీ ధర మీద నడుస్తుంది, మనకు పని లేదు. ఒక్కరూ లేకపోతే సంతోషపడకండి, కొనేవారూ లేకపోవచ్చు. కొద్దిమంది అమ్ముతూ, వారిపై ఫిర్యాదులు ఉంటూ, అయినా జనం కొంటూ ఉంటే అది పరిశీలించదగిన చోటు.

వీటన్నిటి తరువాత అసలు పరీక్ష ఒకటే: ముందుగా సొమ్ము చెల్లించి కొనేవారు ఉన్నారా? "బాగుంది, చేయండి" అనేవారు ఊరంతా ఉంటారు. ఇరవై మందికి వాట్సాప్ ద్వారా వివరం, ధర పంపి, సొమ్ము ముందే తీసుకొని, చిన్న మోతాదులో సరుకు పంపి చూడండి. లేబులు చేతితో వ్రాసినదైనా సరే, దానిపై చట్టప్రకారం ఉండవలసిన వివరాలన్నీ ఉండవలెను. ఆ ఇరవై మందిలో రెండవసారి తామే అడిగినవారు ఎందరో వ్రాసిపెట్టుకోండి. మొదటిసారి కొనుగోలు మొహమాటానికి జరగవచ్చు. రెండవసారి కొనుగోలే గిరాకీకి రుజువు. బంధువుల కొనుగోళ్ళను ఈ లెక్కలో చేర్చరాదు.

లెక్కలో మరచిపోయే ఖర్చులు

కొరియర్‌వారు బరువు ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5,000తో భాగిస్తారు. వచ్చిన అంకె అసలు బరువు కంటె ఎక్కువైతే దానికే ఛార్జీ. 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టె లోపల అర కిలో సరుకే ఉన్నా మూడు కిలోల కింద కడతారు. కాబట్టి పెట్టె సరుకుకు సరిపడినంతే ఉండవలెను.

ఆన్‌లైన్ అంగడిలో అమ్మిన సొమ్ము అదే రోజు చేతికి రాదు, కొన్ని రోజుల తరువాత కమీషన్ మినహాయించి జమ అవుతుంది. తిప్పిపంపిన సరుకు ఖర్చు కూడా అందులోనే కోత పడవచ్చు. సభ్యునికి పాల బిల్లు మాత్రం సమయానికి చెల్లించక తప్పదు. ఈ మధ్య కాలానికి పెట్టుబడి ఎక్కడ నుంచి వస్తుందో ముందే తేల్చుకోవలెను. పాల బిల్లుల సొమ్మును దీనికి మళ్ళించడం సంఘాన్ని చేతులారా చెడగొట్టుకోవడమే.

చట్టం, నిజాయితీ

తినే సరుకు ఏదైనా అమ్మకానికి ముందు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు ఉండవలెను. వ్యాపార పరిమాణాన్నిబట్టి ఏది కావలెనో ఆహార భద్రతాధికారి చెబుతారు. ప్యాకెట్‌పై తయారీదారు పేరు, చిరునామా, నికర తూకం, తయారీ తేదీ, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండవలెను. జి.ఎస్.టి. విషయంలో, సొంత రాష్ట్రంలోనే అమ్మే చిన్న వ్యాపారులకు 2023 అక్టోబరు 1 నుంచి కొంత వెసులుబాటు ఉన్నది. రాష్ట్రం దాటి ఆన్‌లైన్ అంగడి ద్వారా సరుకు అమ్మాలంటే రిజిస్ట్రేషన్ తప్పదు.

ప్రత్యేకత పేరుతో లేని గొప్పలు వ్రాయరాదు. "ఏ2 నెయ్యి" సంగతే చూడండి. ఏ1, ఏ2 అనే భేదం పాలలోని బీటా కేసిన్ అనే మాంసకృత్తుకు సంబంధించినది. నెయ్యిలో ఉండేది దాదాపు అంతా కొవ్వే. 2024 ఆగస్టు 21న ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అటువంటి ప్రకటనలను తొలగించాలని ఉత్తర్వు ఇచ్చి, సంప్రదింపుల కోసం 26న దానిని ఉపసంహరించుకున్నది. ఉత్తర్వు ఉపసంహరించినంత మాత్రాన కొవ్వులోకి మాంసకృత్తు రాదు. "మా ఊరి దేశవాళీ ఆవుల పాల నుంచి చిలికి తీసినది" అనడం నిజమైతే, ఆ మాట చాలు. అలాగే ధ్రువీకరణ లేకుండా ఆన్‌లైన్‌లో "ఆర్గానిక్" అని, రోగాలు నయమవుతాయని వ్రాయడం ప్రమాదం. సమాఖ్య బ్రాండు పేరును, గుర్తును అనుమతి లేకుండా వాడరాదు.

మోసాల విషయంలోనూ జాగ్రత్త వహించవలెను. పెద్ద ఆర్డరు ఇస్తామని ఫోను చేసి, "అడ్వాన్సు పంపుతున్నాము, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అనేవారు ఉన్నారు. యు.పి.ఐ.లో సొమ్ము అందుకోవడానికి పిన్ అవసరం లేదు. పిన్ కొట్టితే మన ఖాతా నుంచే పోతుంది. మోసపోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయవలెను.

సంఘం ఏమి చేయవలెను?

సభ్యుల పాలను ఇతర అవసరాలకు మళ్ళించే విషయమై మీ సంఘ నిబంధనావళి ఏమి చెబుతున్నదో మొదట చూడండి. పాలకవర్గంలో చర్చించి, సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసిన తరువాతనే సంఘం సొమ్ము ఖర్చు చేయవలెను. ఆసక్తి గల కొందరు సభ్యులు సొంతంగా, సొంత పేరుతో మొదలుపెట్టి, లెక్క నిలిచిన తరువాత సంఘం ముందుకు తేవడం ఇంకా మంచిది. ఏదైనా ఒకే సరుకు, ఒకే రకం కొనుగోలుదారు, ఒకే నగరం తీసుకోండి. మూడు నెలల జమాఖర్చు ప్రత్యేక పుస్తకంలో వ్రాయండి. రెండవసారి కొన్నవారి సంఖ్య, పగిలిన, తిరిగివచ్చిన సరుకు విలువ, చివరకు లీటరు పాలకు దక్కిన ధర అందులో ఉండవలెను. ఆ ధర కేంద్రంలో పాలు పోస్తే వచ్చే ధర కంటె ఎక్కువగా ఉంటేనే ముందుకు సాగండి. తక్కువైతే, లేబుళ్ళు ముద్రించకముందే ఆ సంగతి తెలిసినందుకు సంతోషించి, పాలు కేంద్రంలోనే పోయండి.

మన సభ్యులలో చాలామందికి ఒకటి రెండు గేదెలే ఆధారం. పట్నంలో దుకాణం పెట్టినవాడికి నష్టం వస్తే దుకాణం మూస్తాడు. మన సభ్యునికి నష్టం వస్తే పాడి పశువు సంతకు పోతుంది. కాబట్టి అధ్యక్షులు, కార్యదర్శులు ఈ విషయాలను రానున్న సమావేశంలో సభ్యులకు చదివి వినిపించి, లెక్క వేసుకొని నిర్ణయం తీసుకోగలరని కోరుతున్నాను.